మాటలు లేని యుగళగీతం: షోపాన్ ఓపస్ 2 గురించి

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం ఒకే ఒక్క రచన గురించి మాట్లాడతాను. పోలండ్ స్వరకర్త ఫ్రెడరిక్ షోపాన్ 1827లో, తన 17వ ఏట, వార్సాలో యూజెఫ్ ఎల్స్‌నర్ వద్ద విద్యార్థిగా ఉన్న రోజుల్లో, పియానోకూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన వేరియేషన్లు, అంటే ఒకే బాణీని రకరకాలుగా మార్చి వినిపించే భాగాల వరుస, అవి. మోజార్ట్ ఒపేరా (సంగీత నాటకం) 'డాన్ జొవానీ'లోని 'లా చి దారెమ్ లా మానో' అనే యుగళగీతం వాటికి ఆధారం. ఓపస్ 2గా, అంటే రెండవ రచన అన్న అంకెతో, అచ్చయిన ఈ రచనను చాలామంది వేళ్ల చురుకుదనం చూపడానికి ఒక కుర్రవాడు చేసిన విన్యాసంగా లెక్కగట్టి, ఆయన తర్వాతి రచనల వైపు వెళ్లిపోతారు. నేను దానితో ఏకీభవించను. ఒక ఒపేరా పాట నుంచి మాటలను, గొంతులను, వేషాలను, రంగస్థలాన్ని తీసేసిన తరువాత కూడా ఆ బాణీలో ఏ నాటకం మిగిలి ఉంటుందో షోపాన్ అంత చిన్న వయసులోనే కనిపెట్టాడనీ, దాన్ని పియానో మీదికి తెచ్చే దారి కూడా వెతికి పట్టుకున్నాడనీ నా నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారాలు సంగీతంలోనే ఉన్నాయి కనుక వాటి దగ్గరికే వెళదాం.

ముందుగా ఆ యుగళగీతం. 'డాన్ జొవానీ' తొలి ప్రదర్శన 1787 అక్టోబర్ 29న ప్రాగ్ నగరంలో జరిగింది. దాని సాహిత్యం లొరెంజో దా పోంతే రాశాడు. కథ స్పెయిన్‌లో నడుస్తుంది. జొవానీ సంపన్నుడైన ప్రభువు, స్త్రీలోలుడు. జెర్లీనా పల్లెటూరి పిల్ల. అదే రోజు ఆమెకు మజెత్తోతో పెళ్లి జరగబోతున్నది. పెళ్లికొడుకును ఏదో నెపంతో అవతలికి పంపించి, జొవానీ ఆమెను తన మేడకు రమ్మని పిలుస్తాడు. అక్కడ చేయీ చేయీ కలుపుదాం, అక్కడ నువ్వు సరేనంటావు, చూడు, ఎంతో దూరం లేదు అంటాడు. రావాలనీ ఉంది, వద్దనీ ఉంది, గుండె కొంచెం వణుకుతున్నది, సుఖపడతాను నిజమే కానీ ఇతను నన్ను మోసగించవచ్చు కూడా అంటుంది ఆమె.

మోజార్ట్ గొప్పతనం ఈ మాటలకు తీయని బాణీ కట్టడంతో ఆగిపోలేదు. జొవానీ ఎనిమిది బార్లలో (బార్ అంటే తాళపు ఒక చిన్న కొలత) తన మాట ముగిస్తాడు. అంతా చక్కగా, తూచినట్టుగా, అనుమానమే లేని మనిషి మాట్లాడినట్టుగా ఉంటుంది. జెర్లీనా అదే బాణీని అందుకుంటుంది కానీ ఎనిమిది బార్లలో ముగించలేదు. మోసపోతానేమోనన్న మాట దగ్గర ఆగి, దాన్నే మళ్లీ అని, మరి రెండు బార్లు సాగదీస్తుంది. ఆ రెండు బార్లే ఆమె సంకోచం. తరువాత ఇద్దరి పలుకులూ పొట్టివై, ఒకదాని వెంట ఒకటి త్వరత్వరగా వస్తాయి. మొదటి బాణీ తిరిగి వచ్చేసరికి దాన్ని ఇద్దరూ పంచుకుని పాడుతుంటారు. అతని మాట పూర్తవుతుండగానే ఆమె మాట మొదలవుతుంది. చివరికి పోదాం రమ్మన్న పిలుపుకు ఆమె తలవంచగానే, అంతవరకూ రెండు లెక్కల మీద నడిచిన పాట ఊగుతున్నట్టుండే ఆరు లెక్కల నడకకు మారుతుంది, రెండు గొంతులూ ఒక్కటవుతాయి. మాటలు అర్థం కానివారికి కూడా ఇద్దరి మధ్య దూరం తగ్గుతున్నట్టు వినబడుతుంది. కథలో వాళ్లు నిజంగా వెళ్లిపోయేలోపే, జొవానీ వంచించి వదిలేసిన దోన్నా ఎల్వీరా వచ్చి అడ్డుపడుతుంది.

ఇటువంటి పాటను తీసుకుని వాద్యం మీద వేరియేషన్లు కట్టడం షోపాన్ కనిపెట్టిన పద్ధతి కాదు. రికార్డులు లేని కాలంలో ఒపేరా చూసి వచ్చినవాళ్లకు నచ్చిన పాట మళ్లీ వినాలంటే ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని పియానో మీదో, ఫ్లూట్ మీదో, గిటార్ మీదో వాయించాలి. ప్రచురణకర్తలు ఆ అవసరాన్ని గుర్తించి జనం నోళ్లలో నానుతున్న ప్రతి బాణీనీ వాద్యాలకు రాయించి అమ్మారు. కచేరీలు చేసే విద్వాంసులకు ఇందులో మరొక సౌలభ్యం ఉంది: కొత్త ఊరిలో తనను ఎరగని శ్రోతల ముందు కూర్చున్నప్పుడు, వాళ్లకు ముందే తెలిసిన పాటతో మొదలుపెడితే సభ వెంటనే తన వైపు తిరుగుతుంది. మోజార్ట్ స్వయంగా 1784లో గ్లుక్ ఒపేరా బాణీ మీద పియానో వేరియేషన్లు రాశాడు. బీథోవెన్ 'మాయా వేణువు' ఒపేరాలోని రెండు పాటల మీద చెల్లోకూ పియానోకూ రాసిన వేరియేషన్లు నేటికీ తరచుగా వినిపిస్తాయి. మనం మాట్లాడుకుంటున్న యుగళగీతం మీదే ఆయన రెండు ఒబోలకూ ఒక ఇంగ్లిష్ హార్న్‌కూ వేరియేషన్లు కట్టాడు.

ఈ పద్ధతి మనకు పూర్తిగా కొత్తది కాదు. త్యాగరాజ కృతిలో పల్లవిని ఒక్కొక్క సంగతితో పెంచుకుంటూ పోయేటప్పుడు, మొదటి సంగతి వినేవాడి మనసులో నిలిచి ఉంటేనే ఆరవ సంగతి అందం తెలుస్తుంది. ఇక్కడా అంతే, శ్రోత జ్ఞాపకమే సగం పని చేస్తుంది. అయితే స్థిరంగా నిలిచేది ఏది అన్న దగ్గర రెండు పద్ధతులూ విడిపోతాయి. కృతిలో రాగం, తాళం, సాహిత్యం నిలుస్తాయి. పాశ్చాత్య వేరియేషన్‌లో బాణీ రూపం గుర్తుపట్టలేనంత మారవచ్చు, ఉల్లాసంగా వినిపించే మేజర్ స్థాయి దిగులుగా వినిపించే మైనర్ కావచ్చు, వేగం మారవచ్చు. కింద నడిచే హార్మనీ (కలిసి మోగే స్వరాల) వరుస, వాక్యాల పొడవు, ఎక్కడ ఆగి ఎక్కడ తిరిగి మొదలవుతుందన్న చట్రం మాత్రం సాధారణంగా నిలిచి ఉంటాయి. కనుక ఈ రచన వినేటప్పుడు పై స్వరాలనే పట్టుకుని వేలాడక, ఎడమ చేయి వైపు కూడా ఒక చెవి ఉంచితే దారి తప్పరు.

ఇక షోపాన్ రచన. మోజార్ట్ ఎ మేజర్ శ్రుతిలో రాసిన పాటను ఆయన బి ఫ్లాట్ మేజర్‌కు మార్చాడు. లార్గో అని గుర్తు పెట్టిన నెమ్మదైన పరిచయ భాగంతో మొదలవుతుంది, ఆపైన ఇతివృత్తమైన బాణీ, తరువాత నాలుగు వేరియేషన్లు, ఐదవదిగా అదాజ్జో అనే నెమ్మదైన వేరియేషన్, చివర పోలొనేజ్ అనే పోలండ్ నృత్యం. మొత్తం 17, 18 నిమిషాలు పడుతుంది.

పరిచయ భాగమే నాలుగైదు నిమిషాలు ఉంటుంది. అంత పొడవు అవసరమా అని అడిగేవారున్నారు. నాకైతే ఆ కుర్రవాడి నాటక జ్ఞానం అక్కడే మొదట బయటపడుతుంది. పాట మొదటి స్వరాలు ఒక వాద్యం నుంచి మరొక వాద్యానికి ప్రశ్నలాగా సాగుతాయి. పియానో ప్రవేశించి ఆ తునకనే పట్టుకుని చుట్టూ అల్లికలు అల్లుతుంది, దూరం వెళుతుంది, తిరిగి వస్తుంది, కానీ పూర్తి పాటను మాత్రం ఇవ్వదు. సభలో ఉన్న ప్రతివారికీ ఆ పాట తెలుసునని షోపాన్‌కు తెలుసు. తెలిసిన పాటను వాయిదా వేయడం వల్ల అసలు పాట వచ్చేసరికి దాని కోసం ఎదురుచూసే స్థితిలో మనం ఉంటాం. ఒపేరాలో జొవానీ చేసే పని కూడా ఇటువంటిదే. అతడు మొదట తియ్యని మాటలతో చుట్టుపక్కల తిరిగి, ఆ తరువాతే పాట ఎత్తుకుంటాడు.

ఆ తరువాత పాట ఏ అలంకారమూ లేకుండా వస్తుంది. అది అలా రావడం నాకు చాలా ఇష్టం. ఇంతసేపు ఊరించిన తరువాత యువ విద్వాంసుడు తన గొప్పతనాన్ని అక్కడే గుప్పించవచ్చు. షోపాన్ మాత్రం మోజార్ట్‌ను మోజార్ట్‌గా పాడనిచ్చాడు.

మొదటి నాలుగు వేరియేషన్లను గురించి త్వరగా చెబుతాను, ఎందుకంటే అవి ఆ కాలపు తళుకుబెళుకుల శైలికి దగ్గరగా ఉన్నవి. మొదటిది ట్రిప్లెట్ల (మూడేసి స్వరాల గుంపుల) మీద మెరుస్తూ సాగుతుంది. రెండవది రెండు చేతులూ ఒకే బాణీని సమాంతరంగా మహావేగంతో పరుగెత్తించేది. వేగంగానే, కానీ జాగ్రత్తగా అని దాని మీద సూచన రాశాడు, ఆ 'జాగ్రత్తగా' పాటించడమే వాయించేవారికి గండం. మూడవదానిలో కుడి చేయి నింపాదిగా పాడుతుండగా ఎడమ చేయి కింద ఆగకుండా కదులుతుంటుంది, షోపాన్ తరువాత రాసిన నాక్టర్న్‌ల (రాత్రి ప్రశాంతతను తలపించే పియానో రచనల) ఛాయ దీనిలో ముందుగానే తోస్తుంది. నాలుగవది దూకుడు, గెంతులు, సాహసం. ఈ వేరియేషన్ల మధ్య ఆర్కెస్ట్రా ఒక పొట్టి మాటను పలికి విరామం ఇస్తుంది. పియానో విద్వాంసుడు చేతులు దించుకుని ఊపిరి పీల్చుకోవడానికీ, సభ చప్పట్లు కొట్టడానికీ అది చోటు.

ఈ రచనలో నన్ను నిలువరించేది ఐదవ వేరియేషన్. ఇంతవరకూ వెలుతురుగా ఉన్న బి ఫ్లాట్ మేజర్ ఒక్కసారిగా బి ఫ్లాట్ మైనర్ అవుతుంది. నడక నెమ్మదిస్తుంది. పాట పాటగా సాగక, ఎవరో ఆగి ఆగి మాట్లాడుతున్నట్టు, మధ్యలో ఆవేశం పెరిగి మళ్లీ తగ్గినట్టు, ఒపేరాలో పాటకు ముందు వచ్చే సంభాషణ పద్ధతిలో నడుస్తుంది. వేరియేషన్ల వరుసలో ఒకటి మైనర్‌లో ఉండడం, ఒకటి నెమ్మదిగా ఉండడం అప్పటికే ఆచారం. షోపాన్ ఆచారం కోసమే రాశాడని అనేవారికి నా సమాధానం ఇది: ఆచారం కోసం రాసినది రుచి మార్పులా వచ్చి వెళ్లిపోతుంది, ఇది వచ్చిన తరువాత ముందు విన్న నాలుగు వేరియేషన్ల ఉల్లాసం మీద అనుమానం కలుగుతుంది. మోజార్ట్ పాటలో జెర్లీనా రెండు బార్ల సేపు వణికి, ఆ తరువాత మెత్తబడింది. ఆ రెండు బార్లలో ఉన్న భయానికి షోపాన్ ఒక పూర్తి వేరియేషన్ కేటాయించాడు. మోజార్ట్ ఒపేరా చివర జొవానీని నరకానికి లాక్కెళ్లే రాతి విగ్రహం నీడ కూడా కొందరికి ఇక్కడ కనిపిస్తుంది. నాకు మాత్రం జెర్లీనా గొంతే వినిపిస్తుంది.

ఆ చీకటి నుంచి బయటపడే మార్గం పోలొనేజ్. మోజార్ట్ తన పాట చివర నడక మార్చినట్టే షోపాన్ కూడా మార్చాడు, కానీ మోజార్ట్ ఆరు లెక్కల ఊపును అనుకరించలేదు. మూడు లెక్కల పోలండ్ నృత్యపు నడకలోకి పాటను తీసుకెళ్లాడు. అప్పటి వార్సా రష్యా చక్రవర్తి అధీనంలో ఉంది. పోలొనేజ్ అక్కడి సభల్లో, పెళ్లిళ్లలో, ప్రభువుల విందుల్లో అందరూ ఎరిగిన నడక. ఆస్ట్రియా సంగీతకారుడు ఇటాలియన్ భాషలో స్పెయిన్ కథకు కట్టిన పాట ఇలా వార్సా కుర్రవాడి చేతిలో పోలిష్ నృత్యమైంది. పాట స్వరాలు గుర్తుపట్టగలిగేంత దగ్గరగానే ఉంటాయి, కాళ్లు మాత్రం వేరే దేశంలో ఉంటాయి. ఇతరుల బాణీలో తన ఊరి నడకను వినిపించగలగడం ఏ వయసులోనైనా ధైర్యమే.

లోపాల గురించి కూడా చెప్పాలి. ఆర్కెస్ట్రాను షోపాన్ పెద్దగా వినియోగించలేదు. పియానో మాట్లాడుతున్నంతసేపూ తీగవాద్యాలు పక్కన నిలబడి తలాడిస్తున్నట్టు ఉంటాయి. అందుకే ఆర్కెస్ట్రా పాత్రను పియానోకే అప్పగించి ఒక్కరే వాయించడం మామూలైంది, అలా విన్నా పోయేది చాలా తక్కువ. పోలొనేజ్‌లో కొన్ని పుటలు కేవలం మెరుపుల కోసమే ఉన్నాయనడాన్ని కూడా నేను కాదనను. ఆ మెరుపుల పక్కనే ఐదవ వేరియేషన్ రాసిన చేయి కూడా ఉందని మాత్రం గుర్తు చేస్తాను.

ఈ రచన లోకానికి తెలిసిన తీరు ఆసక్తికరమైనది. షోపాన్ 1829 వేసవిలో వియన్నా వెళ్లాడు. ఆగస్టు 11న కేర్న్‌ట్నర్‌టోర్ నాటకశాలలో, పైసా పారితోషికం లేకుండా, దీన్ని వాయించాడు. అదే కచేరీలో తన 'క్రకోవ్యాక్' రోండో అనే మరొక రచన కూడా వాయించవలసి ఉంది గానీ, రిహార్సల్‌లో వాద్య ప్రతులు సరిగా లేవని ఆర్కెస్ట్రావారు సణగడంతో దాన్ని విరమించుకుని, దాని బదులు అప్పటికప్పుడు స్వేచ్ఛగా కల్పన చేసి వినిపించాడు. వేరియేషన్లకు మాత్రం సభ ఉబ్బితబ్బిబ్బయింది. ప్రతి వేరియేషన్ తరువాతా చప్పట్లు ఎంతగా మోగాయంటే ఆర్కెస్ట్రా పలికే మాట తనకు వినబడనే లేదని ఇంటికి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. పియానోను బాదడానికి అలవాటు పడిన వియన్నావారికి తన వాయింపు మరీ మెత్తగా తోచిందనీ అందులోనే రాశాడు. వారం తరువాత రెండవ కచేరీ జరిగింది. 1830లో వియన్నా ప్రచురణకర్త టోబియాస్ హాస్లింగర్ రచనను అచ్చువేశాడు. వార్సా మిత్రుడు టిటస్ వోయ్‌చెహోవ్‌స్కీకి అది అంకితం.

అచ్చయిన ప్రతి లైప్‌జిగ్ చేరింది. అక్కడ 21 ఏళ్ల జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమాన్ దాన్ని చూశాడు. 1831 డిసెంబర్ 7న ఒక సంగీత పత్రికలో ఆయన రాసిన సమీక్ష వ్యాసంలా కాక చిన్న కథలా ఉంటుంది. యూజేబియస్ అనే కల్పిత పాత్ర గదిలోకి వచ్చి, పియానో ముందు ఒక ప్రతిని ఉంచి, 'పెద్దలారా, టోపీలు తీయండి, ఈయన మహాప్రతిభావంతుడు' అంటాడు. రచయిత పేరు దాచి ఉంచుతాడు. వాయించి విన్న తరువాత, రాసింది బీథోవెనో షూబెర్టో అయ్యుండాలని ఊహలు సాగుతాయి. చివరికి ముఖపత్రం చూస్తే తెలియని పోలండ్ యువకుడి పేరు, ఆపైన ఓపస్ 2 అన్న అంకె. రెండవ రచనే ఇలా ఉందా అన్న ఆశ్చర్యం ఆ కథకు ఆయువుపట్టు. ఆ సమీక్షలో ఫ్లొరెస్టాన్ అనే మరొక పాత్ర వేరియేషన్లలో నాటకాన్ని చూస్తుంది: మొదటిదానిలో ప్రభువు పల్లెపడుచుతో సరసమాడుతున్నాడనీ, మూడవదానిలో వెన్నెల ఉందనీ, దూరాన మజెత్తో శపిస్తున్నాడనీ, బి ఫ్లాట్ మైనర్ అదాజ్జో జొవానీకి నీతి హెచ్చరిక అనీ చెబుతుంది.

ఇటువంటి వ్యాఖ్యానాలు షోపాన్‌కు నచ్చేవి కావు. ఆ డిసెంబర్‌లోనే పారిస్ నుంచి టిటస్‌కు రాసిన ఉత్తరంలో, ఒక జర్మన్ విమర్శకుడు అదాజ్జో ఐదవ బార్‌లో డి ఫ్లాట్ స్వరం మీద జొవానీ జెర్లీనాను ముద్దు పెట్టుకున్నాడని రాశాడని చెప్పి నవ్వుకున్నాడు. ఆయన నవ్వులో న్యాయముంది; సంగీతంలోని ఒక్క స్వరానికి ఒక్క సంఘటనను మేకు కొట్టినట్టు బిగించడం పొరపాటే. అయినా షూమాన్ దారి తప్పాడని నేననుకోను. ఏ ముద్దు ఏ స్వరం మీదో చెప్పలేకపోవచ్చు గానీ, ఆ బాణీలో ఇద్దరు మనుషులున్నారనీ, వాళ్లలో ఒకరు భయపడుతున్నారనీ చెప్పడానికి సంగీతమే సాక్ష్యం. తన రచనలకు కథలు అంటగట్టవద్దని జీవితాంతం పట్టుబట్టిన మనిషి, ఇంత స్పష్టమైన కథ ఉన్న పాటను ఎంచుకుని దానికి అంత విషాదమైన అదాజ్జో ఎందుకు రాశాడన్న ప్రశ్నను ఆ నవ్వు చెరిపేయలేదు.

ఆ సంవత్సరమే, ఇంకా 12 ఏళ్లు నిండని క్లారా వీక్ ఈ రచనను ఎనిమిది రోజుల్లో నేర్చుకుంది; అంతవరకూ తాను చూసినవాటిలోనూ వాయించినవాటిలోనూ ఇదే అన్నింటికన్నా కష్టమైనదని ఆమె డైరీలో ఉంది. తండ్రితో కలిసి చేసిన కచేరీ యాత్రల్లో దీన్ని ఊరూరా వినిపించింది. షోపాన్ పేరు జర్మనీ శ్రోతలకు చేరడంలో షూమాన్ సమీక్షకు ఉన్నంత పాత్ర ఆ చిన్నపిల్ల వేళ్లకూ ఉందని చెప్పడం న్యాయం, ఆమెను తరువాత షూమాన్ భార్యగానే తలుచుకునేవారు ఈ సంగతి మరిచిపోతుంటారు. షోపాన్ కూడా 1832 ఫిబ్రవరిలో పారిస్‌లో చేసిన తొలి కచేరీలో దీన్ని వాయించాడు.

ఇదే యుగళగీతాన్ని హంగరీ పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ 1841లో తన డాన్ జువాన్ ఫాంటసీలో వాడుకున్నాడు. అక్కడ ముందుగా రాతి విగ్రహపు భీకర స్వరాలు, తరువాత యుగళగీతమూ దాని వేరియేషన్లూ, చివర జొవానీ మద్యపు పాట వస్తాయి. లిస్ట్ ఒపేరా మొత్తాన్ని పియానో మీదికి ఎత్తాడు; షోపాన్ ఒక్క పాటలోనే ఉండిపోయాడు. బలంలో లిస్ట్‌దే పైచేయి. జెర్లీనా పట్ల దయ మాత్రం షోపాన్‌లోనే ఎక్కువ కనబడుతుంది.

ఈ రకపు వేరియేషన్లను షోపాన్ ఎక్కువ కాలం రాయలేదు. 1833లో ఎరోల్డ్ ఒపేరా బాణీ మీద ఒక వరుస, 1837లో బెల్లీని 'ప్యూరిటాన్లు' ఒపేరాలోని కవాతు మీద, పలువురు పియానో విద్వాంసులు కలిసి చేసిన ఉమ్మడి రచన కోసం ఒకే ఒక్క వేరియేషన్, అంతే. ఒపేరా పాటలతో ఆయనకు పని తీరిపోయింది, ఎందుకంటే గొంతుల దగ్గర నేర్చుకోవలసినది అప్పటికే తన మజుర్కా నృత్య రచనల్లోకీ నాక్టర్న్‌ల్లోకీ వచ్చేసింది. అయినా వేరియేషన్ పద్ధతి ఆయన్ను వదల్లేదు. 1844లో రాసిన బెర్సూజ్, అంటే జోలపాట, వినండి: ఎడమ చేయి డి ఫ్లాట్ మీద ఒకే కదలికను దాదాపు చివరివరకూ మార్చకుండా నడుపుతుంటే, దాని మీద నాలుగు బార్ల బాణీ ఒక్కొక్క సారీ కొత్త రూపు ధరిస్తుంది. ఆర్కెస్ట్రా లేదు, మధ్యలో చప్పట్లకు విరామం లేదు, ఎరువు తెచ్చుకున్న పాట లేదు.

ఇప్పుడు రికార్డు వినిపిస్తాను. ముందుగా మోజార్ట్ యుగళగీతం వింటాం. జెర్లీనా తన మాటను పొడిగించే ఆ రెండు బార్లను లెక్కపెట్టుకోండి. తరువాత ఓపస్ 2 మొదటి నుంచి చివరివరకూ ఆపకుండా వింటాం. వేరియేషన్ల మధ్య చప్పట్లు కొట్టాలనిపిస్తే కొట్టండి, ఈ రచనకు అది అవమానం కాదు.